భాగం 12: ఇంటి నెట్‌వర్కులో బ్యాకప్ డ్రైవు – లోపాన్ని గుర్తించడం

12.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• బ్యాకప్ డ్రైవు కనిపించనప్పుడు లోపం ఎక్కడుందో వరుసగా పరీక్షించగలుగుతారు.
• అందులోని సమాచారానికి హాని చేసే పనులేవో చెప్పగలుగుతారు.

12.1 ఉపోద్ఘాతం

నందికొట్కూరులోని మా ఇంట్లో రౌటరుకు ఒక బ్యాకప్ డ్రైవు తగిలించి ఉంటుంది. పదవీ విరమణ తరవాత నా పరిశోధన నోట్సంతా స్కాన్ చేసి అందులో దాచాను. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక అది ఏ కంప్యూటరులోనూ కనిపించలేదు. రౌటరు నుంచి తీసి నేరుగా కంప్యూటరుకు తగిలిస్తే, వాడాలంటే ఫార్మాట్ చేయాలన్న సందేశం వచ్చింది. నొక్కబోయి ఆగాను. కేబులు మార్చి చూస్తే ఫైళ్ళన్నీ భద్రంగా ఉన్నాయి. ఫార్మాట్ చేసి ఉంటే, పాడైన కేబులు కోసం మంచి డ్రైవును చెరిపినవాణ్ణయ్యేవాణ్ణి.

డ్రైవు కనిపించకపోవడం వేరు, సమాచారం పోవడం వేరు. ఈ భాగంలో మీరు గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం ఇదే.

12.2 పరీక్షించే క్రమం

డ్రైవు, రౌటరు, నెట్‌వర్కు – ఈ మూడింటిని ఇదే వరుసలో చూడండి.

అ) డ్రైవు: రౌటరు నుంచి తీసి, వేరే కేబులుతో నేరుగా కంప్యూటరుకు తగిలించండి. ఫైళ్ళు తెరుచుకుంటే డ్రైవు మంచిదే. టకటకమని శబ్దం వస్తుంటే వెంటనే ఆపేయండి. తిప్పేకొద్దీ నష్టం పెరుగుతుంది.

ఆ) రౌటరు: చిన్న డ్రైవులు యూఎస్‌బీ ద్వారానే కరెంటు తీసుకుంటాయి. యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం అందేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0లో 900. ఇది చాలకపోతే డ్రైవు మధ్యమధ్య ఆగిపోతుంది. అప్పుడు సొంత అడాప్టరున్న యూఎస్‌బీ హబ్ వాడాలి. ఫైలు వ్యవస్థనూ చూడండి. కొన్ని రౌటర్లు ఎక్స్‌ఫ్యాట్‌ను చదవలేవు. ఫ్యాట్32లో 4 జీబీకి మించిన ఒకే ఫైలు పట్టదు. చిన్న ఫైళ్ళు వెళ్ళి పెద్ద ఫైలు దగ్గర బ్యాకప్ ఆగితే కారణం ఇదే కావచ్చు.

ఇ) నెట్‌వర్కు: డ్రైవును వేరే కంప్యూటరు ద్వారా పంచుకుంటుంటే, కరెంటు పోయి వచ్చాక ఆ కంప్యూటరు ఐపీ చిరునామా మారి ఉండవచ్చు. పాత చిరునామాతో వెతికితే దొరకదు. రౌటరు సెట్టింగులలో దానికి స్థిరమైన చిరునామా కేటాయించండి. పాత రౌటర్లతో ఇంకో చిక్కుంది. అవి వాడే ఎస్‌ఎంబీ 1 పద్ధతిని 2017 చివరి నుంచి కొత్తగా స్థాపించే విండోస్ 10లో చేర్చడం లేదు. ఆ ఏడాది మే నెలలో వ్యాపించిన వానాక్రై అందులోని లోపాన్నే వాడుకుంది. కాబట్టి దాన్ని తిరిగి తెరవకండి. రౌటరు సాఫ్ట్‌వేరును నవీకరించండి.

12.3 చేయకూడనివి

ఫైళ్ళు మరోచోట ఉన్నాయని తేలేదాకా ఫార్మాట్ చేయకండి. డ్రైవు చదవగలిగే స్థితిలో ఉంటే ముందు నకలు తీసుకోండి, తరవాతే మరమ్మతు చేయండి. రాత జరుగుతుండగా డ్రైవును లాగేయకండి. కరెంటు తరచుగా పోయే ఊళ్ళలో రౌటరుకు, డ్రైవుకు చిన్న యూపీఎస్ పెట్టడం మేలు.

12.4 ఒక్క నకలు చాలదు

2009 అక్టోబరులో వరద కర్నూలు నగరాన్ని ముంచింది. అలాంటప్పుడు కంప్యూటరు, పక్కనున్న డ్రైవు రెండూ ఒకే నీళ్ళలో ఉంటాయి. అందుకే 3-2-1 సూత్రం: మూడు నకళ్ళు, రెండు రకాల సాధనాలు, ఒకటి ఇంటికి దూరంగా. రెండో డ్రైవు వేరే ఊళ్ళోని బంధువుల ఇంట్లో ఉంచినా సరిపోతుంది. నెలకొకసారి ఒక ఫైలును బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి తెరవండి. తెరిచి చూడని బ్యాకప్ ఉందని నమ్మలేం.

12.5 సారాంశం

లోపాన్ని డ్రైవు నుంచి మొదలుపెట్టి నెట్‌వర్కు దాకా వెతకాలి. లోపం తేలేదాకా డ్రైవు మీద ఏమీ రాయకూడదు, ఏమీ చెరపకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. డ్రైవు నేరుగా తగిలిస్తే పనిచేసి, రౌటరుకు తగిలిస్తే మధ్యలో ఆగుతోంది. సాధ్యమైన కారణమేమిటి?
2. మీ ఇంట్లోని ముఖ్యమైన ఫైళ్ళకు 3-2-1 సూత్రాన్ని ఎలా అన్వయిస్తారు?