కౌగిలివంటి కక్ష్య

మలక్‌పేట పందెపు మైదానమున తెలతెలవాఱు వేళ గుఱ్ఱములను వ్యాయామమునకు ఆయత్తపఱచుచుండగా చెంత నిలిచి చూచినవారికి ఒక చిన్న విషయము కంటబడక మానదు. వీపున మెత్త పఱచినను, జీను మోపినను కదలక నిలిచియున్న గుఱ్ఱము, సాయీసు దాని ఱొమ్ముక్రిందుగా చేయి చాచి, ఆవలివైపున వ్రేలాడుచున్న పట్టెడను అందుకొని, ఈవలికి లాగి బిగింపబోవు క్షణముననే చెవులు వెనుకకు వాల్చి, మెడ త్రిప్పి, పండ్లు చూపును. పొగరుబోతని దానిని అదలించువారే పెక్కురు. నాకు మాత్రము ఆ పండ్లలో పొగరు కనబడలేదు. మునుపటి నొప్పి కనబడినది.

ఆ పట్టెడకే తంగు అని పేరు. పారసీకమున ఆ మాటకు జీనుపట్టెడ యను అర్థమే కాక, ఇఱుకు, బిగువు అను అర్థములును కలవు. హిందుస్తానీలో ఒకరిని వేధించుటకు వాడు మాటయు ఆ కుదురునకు చెందినదే. పేరులోనే బిగువున్న ఈ సాధనమునకు మన ప్రాచీనులు పెట్టిన పేరు కక్ష్య. రథమునకు పూన్చిన గుఱ్ఱముల మేనికి పట్టెడ చుట్టుట జీను పుట్టుకకు ముందునుండియు ఉన్నదే. ఋగ్వేదము పదవ మండలమందలి యమయమీ సంవాదమున ప్రియురాలి పరిష్వంగమునకు చెప్పిన రెండు ఉపమానములలో ఒకటి చెట్టును అల్లుకొనిన తీగ, రెండవది పూన్చిన గుఱ్ఱమును చుట్టిన కక్ష్య. ఎంతటి ఉపమానము! అది గుఱ్ఱము పట్ల సత్యము కావలెనన్నచో పట్టెడ ఉరివలె కాక కౌగిలివలె ఉండవలెను గదా. ఆ పనికి మనుష్యజాతికి రమారమి మూడువేల యేండ్లు పట్టినది.

ఆల్తాయి పర్వతములలో పజిరిక్ అనుచోట, మంచు గడ్డకట్టి కాపాడిన శకజాతివారి సమాధులను సోవియట్ పురాతత్త్వజ్ఞుడు రుదెంకో మొదట 1929లోను, తిరిగి 1947 మొదలు 1949 వఱకును త్రవ్వించెను. యజమానులతో పాటు పూడ్చిన గుఱ్ఱములును, వాని సజ్జయు అందు చెడక దొరకినవి. ఆ జీనులకు కఱ్ఱచట్రము లేదు. వెన్నెముకకు ఇరువైపులను కూర్చుండునట్లు బొచ్చు కూరిన రెండు మెత్తలే. అట్టి మెత్తజీను జాఱిపోకుండ ముందు ఱొమ్ముపట్టెయు, వెనుక తోకపట్టెయు, నడుమ తంగును కూడి కట్టుదిట్టముగా పట్టియుంచినవి. దాదాపు రెండువేల నాలుగువందల యేండ్లనాటి ఆ కట్టు నేటి కట్టునకు ఎంత దగ్గఱనున్నదో తలచుకొన్న కొలది ఆశ్చర్యము కలుగును. అయితే ఆ మెత్తజీనుకు రికాబు లేదు గనుక తంగుపై పడిన లాగుడు స్వల్పము. చీనాలో క్రీ.శ. 415లో మరణించిన ఫెంగ్ సుఫూ సమాధిలో బంగారుపూత రికాబులు దొరకినవి. ఆ కాలమునకు రౌతు రికాబులో కాలుంచి నిలుచుటకు అలవాటుపడినాడు. నేలనుండి ఒక కాలు రికాబులో పెట్టి ఎగబ్రాకునపుడు మనుష్యుని బరువంతయు జీనుయొక్క ఒక్క ప్రక్కననే పడును. జీను ప్రక్కకు దొరలవలెనని చూచును. దొరలకుండుటకై పట్టెడను మఱింత బిగింతురు. రౌతునకు కలిగిన సౌఖ్యము గుఱ్ఱపు ప్రక్కటెముకలపై ఒరపిడియై పరిణమించినది.

తంగునకు వాడిన వస్తువుల పట్టిక పెద్దది. పచ్చితోలు, పదునుపెట్టిన తోలు, నూలుపట్టె, ఉన్నిత్రాళ్లు, అమెరికా పశ్చిమప్రాంతపు పశుపాలకులు మెచ్చిన అంగోరా మేకబొచ్చు నూలు, ఆంగ్లేయులు మూడు మడతలు పెట్టి లోపల నూనెగుడ్డ ఉంచిన తోలుతంగు, రబ్బరు నేర్చిన తరువాత సాగు అంచులు, 1930లో అమెరికాలో కనుగొన్న నియోప్రీన్ అను కృత్రిమ రబ్బరు, ఇట్లు కాలమునకొకటి వచ్చినది. అంగడిలో నేటికిని తగవంతయు ఈ వస్తువులను గూర్చియే. గొఱ్ఱెతోలా, నియోప్రీనా అని అడుగుదురు. ఈ ప్రశ్న రెండవది కావలెను, మొదటిది కారాదు. మొదటి ప్రశ్న గుఱ్ఱపు ఱొమ్ము ఎట్లు నిర్మింపబడినది యని.

మనకు భుజమును ఉరోస్థితో కలుపు జత్రుక యను ఎముక కలదు. మెడక్రింద వ్రేలితో తడవి చూచికొనవచ్చును. గుఱ్ఱమునకు ఆ ఎముక లేదు. దాని ముంగాళ్లకును మొండెమునకును ఎముకల సంధియే లేదు; రెండు స్తంభముల నడుమ వ్రేలాడగట్టిన ఉయ్యాలవలె ఱొమ్ముగూడంతయు కండరములచేతనే ముంగాళ్ల నడుమ వ్రేలాడుచున్నది. అడుగు తీసినపుడెల్ల ఆ ఉయ్యాల లేచును, దిగును, ఒకింత ప్రక్కకు ఒరగును. ముంగాలిని వెనుకకు లాగు పెద్ద ఱొమ్ముకండరము ఉరోస్థి పొడవునను ప్రాకి, మోచేతి వెనుకనుండి భుజమునకు పోవుచు, సరిగా తంగు కూర్చుండు తావుననే ఉబ్బి అణగుచుండును. అనగా మనము బిగించు పట్టెడ నిశ్చలమైన పీపాచుట్టును వేసిన ఇనుపకట్టు వంటిది కాదు. ప్రతి అడుగునను రూపు మార్చుకొనుచున్న సజీవమైన గోడను అది పట్టుకొనియుండవలెను.

ఇక ఒక లెక్క. ఒక బిగువుతో లాగిన పట్టె ఏ చోటనైనను కలిగించు ఒత్తిడి ఆ చోటి వంపును బట్టి యుండును: వంపు చదునుగా నున్నచోట ఒత్తిడి తక్కువ, మలుపు తీవ్రముగా నున్నచోట ఎక్కువ. పట్టె వెడల్పు రెట్టింపైనచో ఒత్తిడి సగమగును. నీళ్లబిందెను సన్నని త్రాటితో ఎత్తినపుడు అఱచేయి కోసుకొనిపోవుటయు, అదే త్రాటిక్రింద గుడ్డ మడిచి పెట్టినపుడు హాయిగా నుండుటయు ఎల్లరెఱిగినదే. కావున వెడల్పైన తంగు మేలని చెప్పవచ్చును. కాని వెడల్పు పెరిగినకొద్దియు దాని ముందంచు మోచేతికి దగ్గఱగును, అచటి చర్మము పలుచన, ముడుతలు పడునది. ఒరసి ఒరసి వెండ్రుకలు రాలి, పిమ్మట తంగుపుండు పడునది అచటనే.

బహుకాలము ఒత్తిడి యంతయు ఱొమ్మునడుమ ఉరోస్థిపై పడునని తలచి, అచట మెత్తలు దట్టముగా కుట్టుచు వచ్చిరి. బ్రిటనులో రేచెల్ మర్రే, రసెల్ గైర్ మొదలగువారు తంగుక్రింద ఒత్తిడిని కొలుచు పలుచని చాపను పఱచి, గుఱ్ఱములను నడపించి, కనుగొన్న ఫలితములను 2013లో ప్రకటించిరి. అత్యధికమైన ఒత్తిడి ఉరోస్థిపై కాక, దానికి రెండుప్రక్కల, మోచేతుల వెనుకనున్న కండరములపై పడుచున్నట్లు తేలినది. ఆ తావులను తప్పించునట్లు ఆకారము మార్చిన తంగును కట్టినపుడు గుఱ్ఱములు ముంగాలిని మఱికొంత ముందునకు చాచినవి, కీళ్లను మఱికొంత మడిచినవి. ఈ ఫలితమును చదివి నేను కొంతసేపు పుస్తకము మూసియుంచితిని. ఇన్ని శతాబ్దములు మనము గుఱ్ఱమును అడుగు కుఱుచ చేసి నడపించితిమి. అది దాని స్వభావమనుకొంటిమి.

ఊపిరి సంగతి వేఱు. గుఱ్ఱము నోటితో గాలి పీల్చజాలదు, ముక్కుతోడనే పీల్చవలెను. విశ్రాంతిలో నిమిషమునకు 8 మొదలు 16 సారులు శ్వాసించు ఆ ప్రాణి పరుగులంకించుకొన్నపుడు దాని శ్వాస అంగలతో జతకూడి, ఒక అంగకు ఒక ఊపిరి చొప్పున, నిమిషమునకు 120 మించును. ఉన్న 18 జతల ప్రక్కటెముకలలో మొదటి 8 జతలే ఉరోస్థితో నేరుగా కలిసియున్నవి. తంగు కూర్చుండుట వానిపైననే. వెనుకటి ఎముకలు ఎక్కువ స్వేచ్ఛతో విచ్చుకొనును. కావుననే తంగు వెనుకకు జాఱి కడుపుపై పడినపుడు మిక్కిలి నెమ్మదియైన గుఱ్ఱము సైతము ఎగిరిపడును. మెల్బోర్న్ విశ్వవిద్యాలయమునకు చెందిన బవర్స్, స్లోకోంబ్ అనువారు పందెపుగుఱ్ఱములను ట్రెడ్‌మిల్‌పై అలయువఱకు పరుగెత్తించి, తంగు బిగువు పెరిగినకొద్దియు అవి త్వరగా అలసిపోవుచున్నట్లు 1999లో తెలిపిరి. గెలుపు కోరి మఱింత బిగించువారు ఓటమికే కట్టు కట్టుచున్నారన్నమాట.

ఎన్నుకొనుటకు కూర్చుండునపుడు, తంగును చేతబట్టుకొనుటకు మునుపు, చదునైన నేలపై గుఱ్ఱమును నిలిపి ప్రక్కనుండి పరీక్షింపవలెను. ఱొమ్ము అన్నింటికంటె సన్నగిల్లుచోట, మోచేతి వెనుక ఇంచుమించు ఒక బెత్తెడు దూరమున, ఒక పల్లము కనబడును. మనమెచట కట్టినను నాలుగడుగులు నడచునప్పటికి తంగు ఆ పల్లమునకే చేరును. జీనునుండి వ్రేలాడు తోలువారులు ఆ పల్లముపైకి నిట్టనిలువుగా దిగుచున్నచో మామూలు తిన్నని తంగు చాలును. పల్లము మఱీ ముందునకున్న బొద్దు గుఱ్ఱములకు తిన్నని తంగును కట్టినచో అది ముందునకు ప్రాకుచు జీనును భుజములపైకి లాగికొనిపోవును. అట్టివానికి నడుమ ముందునకు వంగి, మోచేతులయొద్ద వెనుకకు కోసిన తంగు కావలెను. పొడవు సంగతి: బకిళ్లు రెండుప్రక్కలను సమానమైన ఎత్తున, తోలువారుల నడిమి రంధ్రములలో పడవలెను. పొడుగు వారులుగల జీనుకు పొట్టితంగు కట్టునపుడు బకిలు సరిగా మోచేతి ప్రక్కన పడునేమో చూడవలెను. అంతకంటె చెడ్డ తావు లేదు. సాగు అంచు ఒక్క వైపుననే యున్నచో జీను రెండవవైపునకు లాగబడును. రెండువైపులను ఉన్నచో సమముగా సాగును, కాని తేలికగా సాగుచున్నదికదా యని అవసరమునకు మించి బిగించు ప్రమాదము హెచ్చు. ఉక్కవేళల నియోప్రీన్ క్రింద చెమట నిలుచును. మన యెండలకు నేను మెత్తని తోలునో, గాలాడు నూలునో మేలందును, వానిని దినదినము శుభ్రపఱచు ఓపిక ఉన్నప్పుడే.

మలక్‌పేటలో నేను చూచిన వృద్ధుడైన సాయీసు, ఒక్కసారిగా బిగింపలేదు. జీను నిలుచునంతమాత్రము కట్టి, గుఱ్ఱమును పది అడుగులు నడిపించి, తిరిగి ఒక రంధ్రము పైకి వేసెను. పిమ్మట ముంగాళ్లను ఒకదాని తరువాత నొకటి పట్టి ముందునకు మెల్లగా చాచెను; తంగుక్రింద చిక్కుకొనిన చర్మపు ముడుతలు దానితో సరియైనవి. రెండు ముంగాళ్ల నడుమ, పట్టెడక్రింద, తన వ్రేళ్లను దూర్చి చూచికొనెను. రౌతు నేలనుండి కాక ఒక బల్లపైనుండి ఎక్కెను. తిరిగివచ్చి దిగిన వెంటనే, జీను తీయుటకు ముందే, ఆ వృద్ధుడు తంగును రెండు రంధ్రములు వదలుచేసి, చెమట ఆఱువఱకు గుఱ్ఱమును నడిపించి, అటుపిమ్మట పట్టెడను తడిగుడ్డతో తుడిచి, కుట్లను ఒక్కొక్కటిగా బొటనవ్రేలితో నొక్కి చూచుచు మేకునకు తగిలించెను.