మీకు తెలుసా? డబ్బాలూ బాణాలూ వాక్యాలైన కథ

సాఫ్ట్‌వేర్‌కి ముందుగా మోడల్ తయారుచేసి, ఆ మోడల్ నుంచే కోడ్ పుట్టించే పద్ధతిని మోడల్ డ్రివెన్ ఇంజనీరింగ్ అంటారు. మోడల్ అనగానే చాలామందికి డబ్బాలు, బాణాలే కళ్లముందు మెదులుతాయి. కానీ అదే మోడల్‌ని కీబోర్డు మీద టైపు చేసుకునేలా చిన్నచిన్న భాషలు తయారుచేసేవాళ్లు ఉన్నారు. ఆ పని ఎంత సున్నితమో చెప్పే సంగతులు కొన్ని.

• సాఫ్ట్‌వేర్ మోడళ్లు గీసే భాష యూఎమ్‌ఎల్ అంటే బొమ్మలే అనుకుంటాం. 1997లో ఓఎమ్‌జీ సంస్థ దాన్ని ప్రమాణంగా ఆమోదించినప్పుడే ఓసీఎల్ అనే భాష కూడా దాని వెంట వచ్చింది. అందులో ఒక్క బొమ్మా ఉండదు. ‘ఖాతాలో నిల్వ ఎప్పుడూ సున్నా కంటే తగ్గకూడదు’ లాంటి షరతును డబ్బాలతో గీయడం కుదరదు, రాయాల్సిందే.

• యూఎమ్‌ఎల్ కంటే చాలా ముందే, టెలిఫోన్ ఎక్స్ఛేంజీల పనితీరును వివరించడానికి వచ్చిన ఎస్‌డీఎల్ అనే భాషకి రెండు రూపాలున్నాయి. ఒకటి గీసేది, ఒకటి రాసేది. అర్థం ఒక్కటే.

• అర్థాన్ని, రూపాన్ని ఇలా విడదీసి చూడటం కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ మెకార్తీ 1962లో నేర్పారు. కూడికలో ప్లస్ గుర్తును మధ్యలో పెట్టినా, ముందు పెట్టినా, మొత్తాన్నీ ఒక పెద్ద సంఖ్యగా మార్చి దాచినా ఫరవాలేదు. ఇది కూడిక, దీని రెండు భాగాలు ఇవి అని తేల్చుకోగలిగితే చాలన్నారాయన. దాన్ని అబ్‌స్ట్రాక్ట్ సింటాక్స్ అన్నారు. మోడలింగ్‌లో ఆ స్థానం, మోడల్‌లో ఏయే అంశాలుండొచ్చో చెప్పే మెటామోడల్‌ది. కంటికి కనబడే కీవర్డులు, బ్రాకెట్లు, సెమీకోలన్లు కాంక్రీట్ సింటాక్స్. ఒకే మెటామోడల్‌కి ఎన్ని కాంక్రీట్ సింటాక్సులైనా ఉండొచ్చు.

• మరి ఆ సింటాక్స్‌ని యంత్రమే తయారుచేసేస్తే? ఓఎమ్‌జీ అదీ ప్రయత్నించింది. 2004లో వచ్చిన హెచ్‌యూటీఎన్ ప్రమాణం ఏ మెటామోడల్‌కైనా ఒకే సూత్రాలతో చదవదగిన టెక్స్ట్ రూపం ఇస్తుంది. ఆలోచన మంచిదే. అయినా బ్యాంకులో పనిచేసేవారికీ, రైల్వే సిగ్నళ్లు చూసేవారికీ ఒకే అచ్చు వాక్యాలిస్తే అది ఎవరికీ తమ భాషలా అనిపించదు. ఎక్కడ కీవర్డు కావాలో, ఎక్కడ అక్కర్లేదో ఆ రంగం తెలిసిన మనిషే నిర్ణయించాలని నేను గట్టిగా నమ్ముతాను.

• టూల్స్ మధ్య మోడళ్లు ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే ఎక్స్‌ఎమ్‌ఐ కూడా టెక్స్టే, కాకపోతే మనిషి చదవడానికి ఉద్దేశించింది కాదు. ఎక్లిప్స్ వారి మోడలింగ్ సాధనం ఈఎమ్‌ఎఫ్‌లో మనం వేరే ఏర్పాటు చేయకపోతే, ఒక అంశం మరో అంశాన్ని పేరుతో కాక స్థానంతో గుర్తుపెట్టుకుంటుంది. ‘జాబితాలో మూడోది’ అన్నట్టు. పైన కొత్తది ఒకటి చేరిస్తే మూడోది కాస్తా నాలుగోది అవుతుంది, దాన్ని చూపే గుర్తులన్నీ మారిపోతాయి. ఇద్దరు ఒకే మోడల్‌ని సవరించి గిట్‌లో కలపబోతే, మార్చినవేవో, వాటంతటవే మారినవేవో తెలియక తల పట్టుకోవాల్సిందే. పేర్లతో రాసే భాషలో అయితే కొత్తగా చేర్చిన వరుస ఒక్కటే తేడాగా కనబడుతుంది. బొమ్మలు ఇష్టపడే బృందాలు కూడా టెక్స్ట్ వైపు రావడానికి ఇంతకన్నా బలమైన కారణం నాకు కనబడదు.

• ఎక్లిప్స్‌లోని ఎక్స్‌టెక్స్ట్ అనే భాషల తయారీ సాధనానికి ఒక్క వ్యాకరణం రాసిస్తే, టెక్స్ట్‌ని చదివి విడదీసే పార్సర్, మెటామోడల్, కీవర్డులకు రంగులద్దే ఎడిటర్ అన్నీ ఇస్తుంది. ఆ వ్యాకరణంలో చదరపు బ్రాకెట్ల పని చూడండి. బ్రాకెట్లు లేకుండా ‘స్టేషన్’ అంటే ఇక్కడ కొత్త స్టేషన్ పుట్టాలని. బ్రాకెట్లలో పెడితే, ఇంకోచోట ఉన్న స్టేషన్ పేరు మాత్రమే ఇక్కడ వస్తుందని. పార్సర్ కట్టేది చెట్టు, మోడల్‌కి కావలసింది వల. కొమ్మకీ కొమ్మకీ మధ్య లంకెలు వేసి ఆ చెట్టును వలగా మార్చేది ఆ జత బ్రాకెట్లే. ఎక్స్‌టెక్స్ట్ వ్యాకరణాలు రాసే భాషకు వ్యాకరణం కూడా ఎక్స్‌టెక్స్ట్‌లోనే రాసి ఉంది!

• 10లోంచి 4, ఆపైన 3 తీసేస్తే మిగిలేది 3. వ్యాకరణం రాయడంలో చిన్న తేడా వస్తే 9 మిగులుతుంది. ‘లెక్క అంటే ఒక లెక్క, మైనస్, ఒక సంఖ్య’ అని సహజంగా తోచే నియమాన్ని ఎక్స్‌టెక్స్ట్ ఒప్పుకోదు. దాని పార్సర్ పైనుంచి కిందికి చదువుతుంది కాబట్టి ఆ నియమం తనను తానే పిలుచుకుంటూ ఆగకుండా తిరుగుతుంది. సరే అని నియమాన్ని కుడివైపుకి తిప్పితే, ముందు 4లోంచి 3 పోయి, 10లోంచి 1 పోతుంది. అప్పటిదాకా చదివినదాన్ని ఎడమ కొమ్మగా కట్టి ముందుకు సాగే ఏర్పాటుతో ఈ చిక్కు తీరుస్తారు.

• మెటామోడల్‌లో కామెంట్లకి మామూలుగా చోటుండదు. మోడల్‌ని మార్చి మళ్లీ టెక్స్ట్‌గా రాస్తే, రాసిన మనిషి పెట్టిన వివరణలు ఎగిరిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఎక్స్‌టెక్స్ట్ మోడల్ పక్కనే అసలు పాఠాన్ని ఖాళీలతో సహా దాచుకుంటుంది.

• భాషలు తయారుచేసే మరో సాధనం, జెట్‌బ్రెయిన్స్ వారి ఎంపీఎస్‌కి పార్సరే అక్కర్లేదు. అక్కడ టైపు చేస్తున్నట్టు కనిపిస్తుంది గానీ, ప్రతి నొక్కుతో నేరుగా మోడలే మారుతుంది.

• వ్యాకరణ నియమాలు రాసే బీఎన్‌ఎఫ్ పద్ధతిని జాన్ బాకస్ 1959లో ప్యారిస్ సదస్సులో చూపారు. పాణిని అంతకు ఎన్నో శతాబ్దాల ముందే అలాంటి పద్ధతి వాడాడు కాబట్టి దానికి ఆయన పేరు కూడా చేర్చాలని 1967లో ఇంగర్‌మన్ ఒక కంప్యూటర్ పత్రికకు లేఖ రాశారు.

• ఎక్స్‌టెక్స్ట్ తనతోపాటు ఇచ్చే పేర్ల నియమంలో తెలుగు పట్టదు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్‌కే చోటు. నియమం మార్చుకోవచ్చు, అయితే యూనికోడ్ ‘అక్షరం’ అని వర్గీకరించినవాటినే చేరిస్తే ‘రైలు’ అన్న పేరు ‘ర’ దగ్గరే తెగిపోతుంది. గుణింతపు గుర్తులు, పొల్లు వేరే వర్గంలో ఉన్నాయి మరి. తెలుగుకి కేటాయించిన 128 స్థానాలూ చేర్చినా ‘సాఫ్ట్‌వేర్’ దగ్గర మళ్లీ ఆగుతుంది. ఆ మాటలో ‘ట్’ని ‘వే’తో కలవకుండా ఆపే కంటికి కనబడని గుర్తు తెలుగు వరుసకి బయట ఉంది. ఈ ఇబ్బంది లేని భాష కూడా ఉంది. వ్యవస్థల రూపకల్పనకు వాడే సిస్‌ఎమ్‌ఎల్ రెండో తరం 2025లో ప్రమాణమైంది. దాని మొదటి తరానికి బొమ్మలే దిక్కు. ఇప్పుడు టెక్స్ట్ రూపానికి కూడా అధికారిక హోదా వచ్చింది. అందులో పేరును ఒంటి కొటేషన్ల మధ్య పెడితే ఏ లిపైనా, మధ్యలో ఖాళీ ఉన్నా చెల్లుతుంది. ‘రైలు ఇంజను’ అని నిక్షేపంగా రాసుకోవచ్చు.