రాయని వీలునామా: ఊరి పంపకం, చట్టం పంపకం

ఆస్తి ఉన్న వ్యక్తి వీలునామా రాయకుండా మరణించినప్పుడు ఆ ఆస్తి ఎవరికి ఎంత చెందాలో చట్టం ముందే నిర్ణయించి పెట్టింది. అందువల్ల ఏ ఆఫీసులోనూ ఒక్క కాగితం కదలకముందే, ప్రాణం పోయిన క్షణంలోనే వారసుల వాటాలు స్థిరపడిపోతాయి. అయినా తెలుగు కుటుంబాల్లో దినకర్మలు ముగిసీ ముగియకముందే వాటాల మాట వచ్చి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కోర్టు మెట్లెక్కడానికి ప్రధాన కారణం, చట్టం రాసిన పంపకం ఒకటైతే ఊరి వాడుకలో స్థిరపడిన పంపకం మరొకటి కావడమే. పెళ్లిలో కట్నమిచ్చి, పసుపు కుంకుమల కింద అరెకరమో ఎకరమో రాస్తామని మాటిస్తే ఆడపిల్ల లెక్క తీరిపోయిందని, మిగిలిన పొలం కొడుకులదని, తల్లికి వాటా అవసరం లేదని, ఆమె ఎవరో ఒకరి దగ్గర ఉంటుందని ఊరి పంపకం భావిస్తుంది. చట్టానికి ఈ లెక్కల్లో ఏదీ సమ్మతం కాదు.

మరణించిన వ్యక్తి మతాన్ని బట్టి వర్తించే చట్టం మారుతుంది. హిందువులకు, వారితోపాటు సిక్కులు, జైనులు, బౌద్ధులకు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుంది. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద పిల్లలున్న వ్యక్తి మరణిస్తే భార్యకు మూడో వంతు పోగా మిగిలిన రెండు వంతులు కొడుకులకు, కూతుళ్లకు సమానంగా చెందుతాయి. ముస్లిములకు షరియత్ ప్రకారం అంత్యక్రియల ఖర్చు, అప్పులు తీరిన తర్వాతే పంపకం మొదలై, పిల్లలున్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు, కొడుకు వాటాలో సగం కూతురికి వస్తాయి. షెడ్యూల్డ్ తెగల వారికి, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప హిందూ వారసత్వ చట్టం వర్తించదు. ఇక్కడి నుంచి చర్చ ప్రధానంగా హిందూ కుటుంబాల గురించే.

స్వార్జితం, అంటే తన సంపాదనతో కొన్న ఆస్తి వదిలి పురుషుడు మరణిస్తే, అది మొదట ‘మొదటి తరగతి వారసుల’కు చేరుతుంది. వీరిలో ముఖ్యులు కొడుకులు, కూతుళ్లు, భార్య, తల్లి. తండ్రికంటే ముందే పోయిన కొడుకు లేదా కూతురు ఉంటే వారి పిల్లలు, అలా పోయిన కొడుకు భార్య కూడా ఇందులోకి వస్తారు. తండ్రి ఈ జాబితాలో లేడు, తల్లి ఉంది. ఈ సంగతి చాలామంది అత్తగార్లకూ తెలియదు, కోడళ్లకూ తెలియదు. పట్నంలో 240 గజాల ఇల్లు వదిలి ఒక ఉద్యోగి మరణించాడని, అతని తల్లి, భార్య, ఒక కొడుకు, ఒక కూతురు మిగిలారని అనుకుంటే, చట్టం ప్రకారం తలా 60 గజాలు వస్తాయి. కొన్నేళ్లకు ఆ తల్లి కూడా వీలునామా రాయకుండా కన్నుమూస్తే, ఆమె భర్త అంతకుముందే గతించి ఉంటే, ఆమె 60 గజాలు ఆమె సంతానానికి చెందుతాయి: బతికున్న మరో కొడుక్కి 20, కూతురికి 20, చనిపోయిన కొడుకు పిల్లలిద్దరికీ కలిపి 20. కోడలికి ఈ విడతలో ఏమీ రాదు. అంటే భార్యకు 60, పిల్లలకు చెరో 70 గజాలు పోగా, ఇంటి రుణం వాయిదా ఒక్కటీ కట్టని బాబాయికి, మేనత్తకు చెరో 20 గజాల హక్కు వచ్చి చేరుతుంది. వారు దురాశతో అడుగుతున్నారని వితంతువు అనుకోవచ్చు, అడగడం తమ హక్కని వారు అనుకోవచ్చు. ఆ ఉద్యోగి బతికుండగా రెండు పేజీల వీలునామా రాసి ఉంటే ఈ రెండు పక్షాలూ ఎదురెదురుగా నిలబడాల్సిన పని ఉండేది కాదు.

పిత్రార్జితం విషయంలో లెక్క వేరు. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో పుట్టుకతోనే వాటా పొందే సభ్యుల బృందాన్ని న్యాయ పరిభాషలో కోపార్సెనరీ అంటారు. శతాబ్దాలుగా అందులో మగవారే ఉండేవారు. ఎన్.టి.రామారావు ప్రభుత్వ కాలంలో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చి, కూతురికి కొడుకుతో సమానంగా ఈ హక్కు కల్పించింది. తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక ఆ తర్వాతే ఇదే దారి పట్టాయి. అయితే ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లను అది పక్కన పెట్టింది. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణ పెళ్లితో నిమిత్తం లేకుండా కూతుళ్లందరికీ ఆ హక్కు ఇచ్చింది. ఆ తేదీ నాటికి తండ్రి జీవించి ఉండాలా అన్న సందేహం పదిహేనేళ్లు నలిగిన తర్వాత, 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం అక్కర్లేదని తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాలను మాత్రం ఈ సవరణ తిరగదోడదు. ఎప్పుడో నోటిమాటతో పంచుకున్నామన్న వాదనను కోర్టులు తేలిగ్గా నమ్మవు. రెవెన్యూ రికార్డుల వంటి ప్రభుత్వ పత్రాల బలమైన ఆధారం చూపాలి.

కూతురి హక్కు గురించి ఇంత చర్చ జరిగినా, తల్లి ఏమైందన్న ప్రశ్నను పట్టించుకున్నవారు తక్కువ. తండ్రి, తల్లి, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్న ఇంట్లో తండ్రి 9 ఎకరాలు వదిలి పోయాడనుకుంటే, ఆ పొలం స్వార్జితమైతే ముగ్గురికీ మూడేసి ఎకరాలు. అదే పిత్రార్జితమైతే, మరణానికి ముందు క్షణంలో పంపకం జరిగినట్టు ఊహించి తండ్రికి, కొడుక్కి, కూతురికి మూడేసి ఎకరాలు వేస్తారు. దక్షిణాదిన పాటించే సంప్రదాయ హిందూ న్యాయంలో భర్త, పిల్లల మధ్య జరిగే ఆ పంపకంలో భార్యకు వాటా లేదు. తండ్రి మూడెకరాలను మళ్లీ ముగ్గురికి పంచితే తల్లికి దక్కేది ఒక్క ఎకరం, పిల్లలకు చెరో నాలుగు. పొలం పిత్రార్జితమని ఋజువు చేయడానికి అన్నాచెల్లెళ్లు ఒక్కటై పోరాడే దావాల్లో ఓడిపోయేది వారి తల్లే. కూతుళ్లకు జరిగిన అన్యాయాన్ని సరిదిద్దిన చట్టం ఈ అన్యాయాన్ని అలాగే వదిలేసింది.

తాత పేరు మీద నుంచి వచ్చినదంతా పిత్రార్జితమే అనుకోవడం కూడా పొరపాటు. 1956 తర్వాత తండ్రి స్వార్జితం కొడుక్కి వారసత్వంగా వస్తే అది కొడుకు సొంత ఆస్తి అవుతుందే తప్ప మనవళ్లకు పుట్టుకతో హక్కు రాదని సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది. ఊళ్లో తాతల నాటి పొలం అనే మాటకు, కోర్టులో పిత్రార్జితం అనే మాటకు మధ్య ఉన్న ఈ దూరంలోనే చాలా దావాలు పుడతాయి.

స్త్రీ ఆస్తికి పంపకం ఇంకా విచిత్రమైనది. పిల్లలు లేని వితంతువు వీలునామా లేకుండా మరణిస్తే, పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చినది తండ్రి వారసులకు తిరిగి వెళుతుంది. తన జీతంతో కూడబెట్టినది మాత్రం భర్త వారసులకు పోతుంది, చదివించిన తల్లిదండ్రులు బతికే ఉన్నా సరే. ఆడపిల్లలు ఇంటికి దూరంగా ఉద్యోగాలు చేసే ఈ కాలానికి ఈ నిబంధన ఏమాత్రం సరిపోదు. ఇక రెండో పెళ్లి తగాదాలు: మొదటి భార్య ఉండగా చేసుకున్న రెండో భార్యకు వారసత్వ హక్కు లేదు గానీ, ఆమె పిల్లలకు తండ్రి వాటాలో హక్కు ఉందని, పిత్రార్జితంలో తండ్రికి తేలిన వాటా కూడా అందులోకి వస్తుందని 2023లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

పట్టాదారు పాసుపుస్తకంలో పేరెక్కితే ఆస్తి తనదైపోయిందన్న నమ్మకం ఊళ్లో గట్టిగా ఉంది. తెలంగాణలో విరాసత్ అని, ఆంధ్రలో మ్యుటేషన్ అని పిలిచే ఈ పేరు మార్పిడి ప్రధానంగా ప్రభుత్వ లెక్కల కోసం. అది హక్కును పుట్టించదు, పేరెక్కని వారసుల హక్కును చంపదు. పెద్దన్న పేర పాసుపుస్తకం ఉన్నా, అతడు సాగుచేసినంత కాలం మిగతా వాటాదారుల తరఫున కూడా సాగుచేసినట్టే చట్టం భావిస్తుంది. వారి హక్కును తాను గుర్తించడం లేదని అతడు బహిరంగంగా తేల్చి చెప్పినప్పుడే కాలపరిమితి గడియారం మొదలవుతుంది. బ్యాంకు ఖాతాల్లోనూ షేర్లలోనూ నామినీ కూడా ఇలాంటివాడే: సొమ్ము చేతికి తీసుకునేవాడు, వారసుడు కావాలని లేదు. బ్యాంకు సొమ్ముకు నామినీ లేనప్పుడు, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం చాలని చోట సివిల్ కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం తెచ్చుకోవాలి.

అక్కచెల్లెళ్లు వాటా వదులుకోవడానికి ఇష్టపడితే అదీ సాధ్యమే, కానీ స్థిరాస్తిలో హక్కు వదులుకునే దస్తావేజు రిజిస్టరు కావాలి. పెళ్లిపందిట్లో ప్రకటించిన పసుపు కుంకుమల భూమికీ ఇదే సూత్రం: రిజిస్టరైన దాన దస్తావేజు లేనిదే ఆమెది కాదు, కట్నం ఇచ్చామన్న కారణంతో ఆమె వాటా పోదు. తెల్లకాగితం మీద ఆమెతో పెట్టించుకున్న సంతకం ఈ రెండింటికీ పనికిరాదు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న తోబుట్టువు రాలేకపోతే, అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన అధికార పత్రాన్ని ఇక్కడ స్టాంపు చేయించి వాడుకోవచ్చు.

పెద్దమనుషుల సమక్షంలో అందరూ ఒప్పుకొన్న నోటి పంపకానికి కోర్టులు విలువ ఇస్తాయి, అప్పటికే జరిగిపోయిన ఏర్పాటును గుర్తు కోసం రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని సుప్రీంకోర్టు 1976లో చెప్పింది. ఆ కాగితమే కొత్తగా హక్కులు పంచేదైతే మాత్రం రిజిస్ట్రేషన్ తప్పదు. రాజీ కుదరకపోతే మిగిలేది భాగ పంపకం దావా. అందులో కోర్టు మొదట ఎవరి వాటా ఎంతో చెబుతూ ప్రాథమిక డిక్రీ ఇస్తుంది. తర్వాత కమిషనరు పొలానికి వెళ్లి, బావి ఎటు, బాట ఎటు చూసి హద్దులు కొలిచిన మీదట తుది డిక్రీ వస్తుంది. ఈ రెంటి మధ్య ఏళ్లు గడుస్తాయి, చట్టాలూ మారుతాయి: 1999లో ప్రాథమిక డిక్రీ వచ్చిన ఒక తెలుగు కుటుంబపు దావాలో తుది డిక్రీ రాకముందే 2005 సవరణ రావడంతో, కూతుళ్ల కోసం వాటాలు మళ్లీ లెక్కించాల్సిందేనని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పింది. 240 గజాల ఇల్లు లాగా ముక్కలు చేయలేని ఆస్తి అయితే, 1893 నాటి విభజన చట్టం కింద కోర్టు దాన్ని అమ్మించి సొమ్ము పంచవచ్చు, లేదా కొంటామని ముందుకొచ్చిన వాటాదారులకు మిగిలినవారి వాటాలను తాను నిర్ణయించిన ధరకు ఇప్పించవచ్చు.