కవల బిడ్డలును కళాశాల ప్రవేశమును

ఒకే కాన్పున పుట్టిన బిడ్డలు ఒకే యేట ఇంటర్మీడియట్ ముగించి, ఒకే కళాశాలకు దరఖాస్తు చేయుట మన గ్రామములందును కలదు. మొన్న మేము వరి నారుమళ్లు చూచుటకు ఒక గ్రామమునకు పోయినపుడు, సంఘ సభ్యులగు ఒక రైతుగారు మమ్ము అరుగుపై కూర్చుండబెట్టి తమ చిక్కు చెప్పిరి. వారికి కవలలు, ముందు కుమార్తె, వెనుక కుమారుడు. ఇరువురును 1945లో స్థాపింపబడిన బాపట్ల వ్యవసాయ కళాశాలనే కోరి, ఈఏపీసెట్ పరీక్ష వ్రాసిరి. కుమార్తెకు మంచి ర్యాంకు వచ్చెను. కుమారునికి రాలేదు.

“అమ్మాయిని దగ్గఱనున్న డిగ్రీ కాలేజీలో చేర్చి, ఆ సొమ్ముతో అబ్బాయికి ఎక్కడనైన సీటు కొందమా అయ్యా?” అని వారడిగిరి.

ఈ పరీక్షలో జీవశాస్త్రమునకు 80, భౌతిక రసాయన శాస్త్రములకు చెఱి 40, మొత్తము 160 మార్కులు. ప్రశ్నలు ఇద్దరికి నొకే తీరువి. ఆ ర్యాంకు ఆ పిల్ల కష్టార్జితము. దానిని తమ్మునికై వదలుకొమ్మనుట పండిన చేనిని కోయక విడుచుట వంటిది.

కవలలైనంత మాత్రమున ఇద్దరును సరిసమానముగా నుండవలయునను నియమము లేదు. ఆడ, మగ కవలలు రెండు వేఱు అండములనుండి పుట్టినవారు. పోలికలలో వారు తక్కిన తోబుట్టువుల వంటివారే. ఒకే దినమున నారు పోసినను, బాపట్లలో రూపొందిన బి.పి.టి. 5204 రకము రమారమి 150 దినములకును, ఎం.టి.యు. 1010 రకము 120 దినములకును కోతకు వచ్చును. ఒకటి ముందు పండెనని రెండవదానిని నిందించు రైతు గలడా?

అజ్ఞాతవాసమున నకుల సహదేవులు విరాటుని కొలువునకే పోయిరి. కాని వేర్వేఱుగా పోయి, ఎవరి విద్యను వారు చెప్పుకొనిరి. నకులునికి గుఱ్ఱములు, సహదేవునికి గోవులు అప్పగింపబడెను.

ఇది చెప్పి మేము కుమారుని పిలిపించి, అతని కోరిక యేమని అడిగితిమి. అతడు కొంతసేపు తలవంచుకొని, “అక్క వ్రాయుచున్నదని నన్నును వ్రాయుమనిరి. నాకు ట్రాక్టరు పని యన్న ఇష్టము” అనెను. ఆ మాట తండ్రిగారు అదే వినుట. పదవ తరగతి చదివిన వారికి ఐ.టి.ఐ.లలో ట్రాక్టరు మెకానిక్ శిక్షణ కలదు.

కవలలున్న సభ్యులు ఈ సంగతులు గమనింపవలయును. ఇంటిపేరు, తండ్రిపేరు, పుట్టిన తేది ఒక్కటే యగుటచే దరఖాస్తులలో ఫోటోలు, సంతకములు తాఱుమాఱు కావచ్చును. ఎవరి కాగితములు వారికి వేఱు సంచిలో నుంచుడు. రైతుబిడ్డలకు వ్యవసాయ కోర్సులలో ప్రత్యేక స్థానములు కలవు; భూమి ఒక్కటే యైనను ధ్రువపత్రములు ఎవరివి వారికి తీసికొనుడు. పంట ఋణమును ఫీజునకు వాడకుడు: 3 లక్షల రూపాయల వఱకు గడువులో చెల్లించినవారికి వడ్డీ 4 శాతమునకు దిగును, గడువు దప్పిన ఆ తగ్గింపు పోవును. చదువునకు బ్యాంకులయందు విద్యా ఋణము వేఱుగా కలదు. సాధారణముగా 4 లక్షల వఱకు ఆస్తి తాకట్టు అడుగరు.

అన్నిటికంటె ముఖ్యము: ఫలితములు రాకమునుపే, ఒకరికి వచ్చి ఒకరికి రానిచో నేమి చేయుదుమో బిడ్డలిద్దరిని కూర్చుండబెట్టి మాటలాడుడు. ఫలితము వచ్చిన దినమున ఒకరి సంతోషము రెండవవారికి శిక్ష కాకుండును.

ఆ రైతుగారు కుమార్తెను బాపట్లలో చేర్చిరి. ప్రయాణమునాడు ఆమె పెట్టెను బస్సుపై కెక్కించినది తమ్ముడే.