‘ఆస్టియో’ యను పూర్వపదము

వైద్యగ్రంథములయందు ‘ఆస్టియో’ యని మొదలగు పదములు పెక్కులు గలవు. వానిలో నొకటి నెల్లూరిసీమవారికి కేవలము పుస్తకములలోని మాట గాదు. తీరమునుండి పడమటగా నున్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములందు బావినీటి దోషముచే జనుల వెన్నెముకలు బిగిసికొనిపోవు వ్యాధిని షార్టు, మెక్రాబర్టు మున్నగు వైద్యులు 1937లో ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చి’ యను పత్రికలో వర్ణించిరి. ఆ ప్రాంతములు నాడు నెల్లూరు మండలములోనివి; 1970లో ఒంగోలు మండల మేర్పడినపుడు విడివడినవి. నీటియందలి ఫ్లోరైడు ఏండ్ల తరబడి యెముకలలో జేరి వానిని గట్టిపఱచును. ఈ గట్టిపాటునకే ‘ఆస్టియోస్క్లిరోసిస్’ అని పేరు.

ఇందలి పూర్వపదము గ్రీకుభాషలోని ‘ఒస్తెఒన్’. దాని యర్థము ఎముక. అది నపుంసకలింగము, సంస్కృతమున ‘అస్థి’ శబ్దమును నట్టిదే. ఈ సామ్యమును జూచి గ్రీకులు సంస్కృతమునుండి కొనిపోయిరనిగాని, సంస్కృతమువారు గ్రీకునుండి తెచ్చుకొనిరనిగాని తలంపరాదు. అవెస్తాలోని ‘అస్త్’, లాటినులోని ‘ఒస్’, హిత్తీభాషలోని ‘హస్తాయి’ యనునవియు నీ కుటుంబములోనివే. (హస్తాయికిని హస్తమునకును సంబంధము లేదు.) హ్రోజ్నీ పండితుడు 1915లో హిత్తీభాషా స్వరూపమును వెల్లడించిన పిదప, దాని పదాదియందలి హకారము మూలభాషలో నొక కంఠ్యధ్వని యుండెననుటకు సాక్ష్యమైనది. గ్రీకుసంస్కృతములందు అది లోపించినది. కావున నిది యెరువు గాదు, దాయాదిత్వము. తెలుగున ‘ఎముక’, ‘ఎమ్ము’ మాత్రము ద్రావిడములు. తమిళపు ‘ఎలుంబు’ వాని చుట్టము.

‘ఆస్టియో’లోని తుది ఓకారము ప్రాతిపదికాంతమేకాని ప్రత్యయము గాదు. అచ్చు పరమగునపుడు తొలగును. ‘ఆస్టియైటిస్’ అందుకు దృష్టాంతము. ఉత్వసంధిని బోధించు పండితులకు ఇది వింత గాదు.

ఉత్తరపదమునకు మూలము ‘స్క్లేరొస్’, అనగా కఠినము. కాన ‘అస్థికాఠిన్యము’ సరియైన తెలుగుసేత. ‘అస్థిదార్ఢ్యము’ అనుట ప్రమాదము. దార్ఢ్యము మెచ్చదగిన గుణము. ఈ వ్యాధియందో ఎముక బరువెక్కియు పెళుసగును, కీళ్లను బంధించు స్నాయువులును గట్టిపడి మనుష్యుడు వంగజాలడు. ఆ సీమలోని బాలుడు పాఠములో ‘దార్ఢ్య’మని చదివినచో తమ బావినీరు బలము నిచ్చునని తలచుటకు తావు గలదు. చిన్న తరగతులకు ‘ఎముకల గట్టిపాటు’ చాలును. ‘ఎముకకాఠిన్యము’ వైరిసమాసము. పాశ్చాత్యులును ఆ దోషమునుండి తప్పించుకొన్నవారు గారు: వ్యాధికి వారిడిన ‘ఫ్లోరోసిస్’ అను పేరున మొదలు లాటిను, తుది గ్రీకు.