ముదిరిన డిమెన్షియాలో నడక నిలిచేదెలా?

డిమెన్షియా ముదిరేకొద్దీ జ్ఞాపకంతో పాటు నడకా దెబ్బతింటుంది. కాళ్లలో సత్తువ ఉన్నా, లేవడానికి ఏ కాలు ఎక్కడ పెట్టాలో మెదడుకు తోచదు. అడుగులు చిన్నవవుతాయి, పాదాలు ఈడ్చుకుపోతాయి, మనిషి తూలుతాడు. వైద్యులు వాడే ‘ఫాస్ట్’ కొలమానంలో ఏడోది చివరి దశ. అందులో మొదట మాట, తర్వాత నడక, ఆపైన కూర్చునే శక్తి పోతాయి. దీన్ని పూర్తిగా ఆపే మందు లేదు. అలాగని పడిపోతారన్న భయంతో మంచానికే పరిమితం చేస్తే కండ కరిగి, కీళ్లు బిగుసుకుని, నడక ఇంకా ముందే పోతుంది.

2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉంది. దీనికే ప్రత్యేకించిన వసతి కేంద్రాలు మాత్రం ఎక్కువగా నగరాల్లోనే ఉన్నాయి. కలికిరి, మదనపల్లె, పుంగనూరు వైపు వారికి చేరువలోని మహానగరం బెంగళూరు. అక్కడ వ్యాధి నిర్ధారణకు నిమ్హాన్స్ ఉంది. నైటింగేల్స్ మెడికల్ ట్రస్టు డిమెన్షియా రోగులకు వసతి కేంద్రం నడుపుతోంది. తిరుపతి స్విమ్స్‌లోనూ, కుప్పం పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రిలోనూ వైద్యులను సంప్రదించవచ్చు.

లేపడంలోనే సగం పని ఉంది. చంకల కింద చేతులు వేసి ఎత్తకూడదు, చేతులు పట్టి లాగకూడదు; భుజం జారవచ్చు. పైగా ఈ దశలో ఎంత లాగితే ఒళ్లు అంతగా బిగుసుకుంటుంది. అది మొండితనం కాదు, జబ్బు లక్షణం. ముందుగా రోగిని కుర్చీ అంచుకు జరపాలి. పాదాలు మోకాళ్ల కిందికి వచ్చేలా వెనక్కి పెట్టి, ముందుకు వంచి, ‘లెయ్యండి’ అని ఒక్క మాట చెప్పి ఆగాలి. ఆ మాట మెదడుకు ఎక్కడానికి కొన్ని క్షణాలు పడుతుంది. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని వదలకపోతే వేళ్లు విరిచి లాగకుండా, చేతి వెనుక భాగం మెల్లగా నిమిరితే పట్టు సడలుతుంది.

నడిపించేవారు పక్కనే, కాస్త వెనగ్గా ఉండాలి. పట్టు కోసం రోగి నడుముకు వెడల్పాటి బెల్టు కట్టాలి. వెనకాల మరొకరు చక్రాల కుర్చీ తోసుకొస్తే అలిసినచోటే కూర్చోబెట్టవచ్చు. కొందరికి బాగా అలవాటైన అన్నమయ్య కీర్తన వినిపిస్తే ఆ లయకు అడుగు పడుతుంది. కొత్తగా వాకర్ ఇస్తే దాన్ని వాడటం నేర్చుకోవడం ఈ దశలో కష్టం.

గదినీ రోగి కళ్లతో చూడాలి. నల్ల పట్టా గొయ్యిలా, నిగనిగలాడే గ్రానైట్ నేల తడిగా అనిపిస్తాయి. నేల మీది ముగ్గును దాటబోయి తూలవచ్చు. గడప, హవాయి చెప్పులు, జీరాడే పంచె, చీర కుచ్చిళ్లు ప్రమాదకరం. మరుగుదొడ్డి దారిలో రాత్రంతా దీపం వెలగాలి.

కొన్నిచోట్ల పడతారని తువ్వాలుతో కుర్చీకి కట్టేస్తుంటారు. పెనుగులాటలో దెబ్బలు తగులుతాయి, ఊపిరి ఆడని ప్రమాదమూ ఉంది. మంచం కమ్మీలు దాటబోయి పడితే ఇంకా ఎత్తు నుంచి పడ్డట్టే. ఎత్తు తక్కువ మంచం, పక్కన నేలపై పరుపు మేలు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, దాని పరిధిలోని సంస్థల్లో, తక్షణ హానిని ఆపడానికి వేరే దారి లేనప్పుడే కట్టడిని అనుమతిస్తుంది.

నిద్రమాత్రలు, ఉద్రేకం తగ్గించే మందులు తూలుడును పెంచుతాయి. లేచినప్పుడు రక్తపోటు పడిపోవచ్చు. కాబట్టి మంచం అంచున కాసేపు కూర్చోబెట్టాకే నిలబెట్టాలి. మందుల చీటీని వైద్యుడు తరచూ తిరిగి చూడాలి.

రోగి ఊరికే లేవరు. మూత్రానికో, ఆకలికో, నొప్పికో, పాత అలవాటుకో లేస్తారు. ఏళ్ల తరబడి తెల్లారకముందే మదనపల్లె టమాటా మార్కెట్టుకు బయలుదేరిన రైతు ఇప్పటికీ ఆ వేళకే మంచం దిగబోతాడు. ఈ సంగతి తెలిసేది భార్యకే. ఇలాంటి అలవాట్లు కాగితం మీద రాసి వసతి కేంద్రంలోని ఆయాలకు ఇస్తే, ఆ వేళకు ముందే వచ్చి మరుగుదొడ్డికి తీసుకెళ్తారు. అయితే తానూ వృద్ధాప్యంలో ఉన్న జీవిత భాగస్వామి ఒంటరిగా రోగిని ఎత్తబోతే ఇద్దరూ పడతారు.

నడక పూర్తిగా ఆగాక కూడా రోజూ కుర్చీలో కూర్చోబెట్టాలి, కీళ్లు మెల్లగా కదపాలి, మంచంలో ఉన్నప్పుడు సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తక్కువ ఆదాయమున్న వృద్ధులకు చక్రాల కుర్చీలు ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన నెల్లూరులోనే మొదలైంది. వృద్ధుల సహాయవాణి సంఖ్య 14567.

వసతి కేంద్రంలో చేర్చే ముందు గదులు, భోజనం చూడటంతో సరిపెట్టకుండా రోజుకు ఎన్నిసార్లు నడిపిస్తారో, రాత్రి ఎంతమంది సిబ్బంది ఉంటారో, ఎవరినైనా కట్టేస్తారో లేదో తప్పక అడగాలి.