కొండదారికి పాత డీజిలు బండి

గృహిణులకు మోటారు బండ్ల ప్రసంగ మేల యని కొందఱు శంకింపవచ్చును. గూడెం కొత్తవీధి మండలమున ఈ శంకకు సమాధానము సులభముగా దొరకును. అచ్చట కాఫీపండ్లు కోయునది స్త్రీ. మిరియములు ఎండబోయునది స్త్రీ. పసుపు ఉడుకబెట్టునది స్త్రీ. పాత బండి కొనుటకు సొమ్ము చాలనప్పుడు తాకట్టునకు పోవునది యామె మెడలోని బంగారము. కానిచో ఆమె పొదుపు సంఘమున తెచ్చిన యప్పు. ఆ బండి ఘాటుదారిలో అదుపు తప్పినచో నందున్న వారును ఆమె బిడ్డలో, తోబుట్టువులో యగుదురు. ఇంత భారము మోయు నామెకు బండిని పరీక్షించు నేర్పు మాత్ర మక్కఱ లేదందుమా?

గూడెం కొత్తవీధి విశాఖపట్టణము జిల్లాలో నుండి 2022 వ సంవత్సరము ఏప్రిలు 4 వ తేదీన క్రొత్తగా నేర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. అచ్చటివారు మైదానమునకు రావలయునన్న చింతపల్లి, లంబసింగిల మీదుగా ఘాటు దిగి నర్సీపట్టణము చేరవలయును. ఈ కొండలలో బాటలు వేయుటకు పూర్వము గిరిజనులచేత తగిన కూలి యీయక బలవంతముగా పని చేయించిరి. రంప తిరుగుబాటునకు గల కారణములలో ఆ కష్టము నొకటి. 1922 ఆగష్టు 22 వ తేదీన సీతారామరాజు చింతపల్లి ఠాణాను ముట్టడించిన సంగతి మన మెఱిగినదే. అట్లు చెమటోడ్చి వేసిన దారులను బట్టియే నేడు కాఫీ బస్తాలు, మిరియములు, పసుపు క్రిందికి దిగుచున్నవి. అరకు లోయ అరబికా కాఫీకి 2019 లో భౌగోళిక గుర్తింపు లభించిన పిదప ఈ కొండపంట పేరు దూరదేశములకును తెలిసినది. పంట పెరిగినకొలది సొంత బండి యుండిన మేలను కోరికయు పెరుగుట సహజము. క్రొత్త బండి వెల యందనివారు పాత డీజిలు పికప్పు కొఱకు వెదకుదురు.

అమ్మజూపువాడు ముందుగా చెప్పు మాట, “అమ్మా, ఈ బండి కొండనైన లాగును” అనునది. ఆ మాట చాలవఱకు నిజమే. డీజిలు ఇంజనునకు లాగు బలము పుట్టుకతో వచ్చినది. సైకిలు పంపుతో గాలి కొట్టునపుడు పంపు అడుగు వెచ్చనగుట మీరు చూచియుందురు. గాలిని మిక్కిలి గట్టిగా నొత్తినచో అది యెంత వేడెక్కుననగా, అందు చిమ్మిన నూనె నిప్పురవ్వ లేకయే మండును. జర్మనీ దేశస్థుడైన రుడాల్ఫు డీజిలు 1897 లో జయప్రదముగా నడపి చూపిన యంత్రము ఈ సూత్రముమీదనే పనిచేయును. తక్కువ వేగమునను ఎక్కువ బలము చూపుట దాని గుణము.

కాని కొండవాసులు అడుగవలసిన ప్రశ్న “లాగునా?” యనునది కాదు, “నిలుచునా?” యనునది. ఎక్కుట చేతగాని బండి దారిలో నిలిచిపోవును. అంతటితో నష్టము తీరును. దిగుట చేతగాని బండి లోయలో పడును.

ఈ భేదమును వంటయింటి లెక్కలో చూడుడు. బండియు సరకును కలిసి 3 టన్నులున్నవనుకొందము. అది 800 మీటర్ల ఎత్తునుండి దిగినచో, ఆ దిగుటలో పుట్టు వేడిమి యంతయు గూర్చిన, 30 డిగ్రీల నీటిని సుమారు 80 లీటర్లు మరగించుటకు చాలును. ఇందులో కొంత గాలికిని, కొంత ఇంజనునకును పోవును. మిగిలినదంతయు బ్రేకులే భరింపవలయును. అవి మితిమీరి కాగినచో బ్రేకునూనె ఆవిరియై, పెడలు మెత్తగా లోనికి పోవును; బండి మాత్రము నిలువదు. కావుననే అనుభవజ్ఞులు ఏ గేరులో ఎక్కిరో ఆ గేరులోనే దిగవలయునని చెప్పుదురు. అప్పుడు ఇంజనే బండిని వెనుకకు పట్టియుంచును. డీజిలు మిగులునని గేరు తప్పించి దింపుట, ఇంజను నాపి దింపుట మహాపరాధములు. ఇంజను ఆగినపుడు బ్రేకునకు దాని తోడ్పాటు లేకపోవును.

ఇక బండివెనుక తొట్టి తగిలించి, ఒక్క ప్రయాణముననే రెండింతల సరకు దింపవచ్చునని యాశపడువారు గలరు. ఎద్దుబండి నెఱిగిన మనకు దీని చిక్కు తెలియకపోదు. బరువు వెనుకకు మించినచో కాడి పైకి లేచి ఎడ్ల గొంతు పట్టును; ముందునకు మించినచో వాటి మెడలు వంగిపోవును. తొట్టియు నంతియే. దాని మొత్తపు బరువులో సుమారు పదవవంతు కొక్కెముమీద నుండవలయును. వెనుక బరువు మించినచో తొట్టి తోకవలె ఊగి బండిని త్రిప్పివేయును. ఒక టన్ను తొట్టికి పై లెక్కలో మఱి 27 లీటర్ల నీరు చేర్చుకొనుడు. దానికి సొంత బ్రేకులు లేనిచో ఆ వేడిమియు పికప్పు బ్రేకులే మోయవలయును. మలుపులలో తొట్టి వెనుకనుండి నెట్టును. చట్టము దృష్టిలో తొట్టియు నొక మోటారు వాహనమే గాన దానికి వేఱుగా రిజిస్ట్రేషను కావలయును. కావున ఘాటుదారికి తొట్టి మాట మానుకొని, రెండు మార్లు తిరుగుటయే మేలు. సమతలమున లాగదలచిన, తయారుచేసినవా రంగీకరించిన బరువునకు లోబడి, కొక్కెమును బంపరునకు గాక ఛాసిస్సునకు బిగింపించి, గొలుసు తోడు చేయవలయును.

ఇక పరీక్షావిధానము. తెల్లవాఱుజామున, ఇంజను చల్లగా నున్నపుడు పోవుడు. మూతమీద చేయి పెట్టి చూడుడు. వెచ్చగా నున్నచో అమ్మువాడు ముందే నడపి సిద్ధపఱచెనని గ్రహింపుడు. లంబసింగి చలిలో సులభముగా లేవని ఇంజను కొనదగినది కాదు. లేచిన పిమ్మట పొగ చూడుడు. నల్లపొగ విడువక వచ్చినచో డీజిలు సరిగా కాలుట లేదు; నీలిపొగ యైనచో ఇంజను నూనె కాలుచున్నది; తెల్లపొగ వేడెక్కినను మానకున్నచో నీరు లోనికి పోవుచుండవచ్చును. ఇంజను నడచుచుండగా నూనె పోయు మూత తీయుడు. ఉడుకు కుండవలె ఆవిరి ఎగదన్నుచున్నచో లోపలి రింగులు అరిగినవి. ఆ నూనె మజ్జిగవలె తెల్లబాఱినచో అందు నీరు కలిసినది. అట్టి బండిని వదలివేయుడు.

బ్రేకులకు రెండు పరీక్షలు గలవు. ఇంజను నాపి పెడలు నాలుగైదు సార్లు త్రొక్కి, త్రొక్కియే యుంచి ఇంజను లేపింపుడు. పెడలు కొంచెము దిగవలయును. దిగనిచో తోడ్పాటు యంత్రము చెడినది. పిదప ఒక నిమిషము గట్టిగా త్రొక్కియుంచుడు. అది మెల్లమెల్లగా క్రుంగుచున్నచో నూనె యెచ్చటనో కారుచున్నది. అటుపిమ్మట పది బస్తాలు వేసి, నమ్మకమైన డ్రైవరుచే ఎక్కుడునను దిగుడునను నడపింపుడు. బ్రేకు వేయగా బండి ఒకవైపునకు లాగరాదు. కమరు వాసన రారాదు. ఏటవాలున చేతిబ్రేకు బండిని నిలుపవలయును. ఖాళీబండిని ఊరిలో త్రిప్పి కొనుట, పొయ్యి వెలిగింపక వంటపాత్రను మెచ్చుకొనుట వంటిది.

బండి క్రిందికి వంగి చూచుటకు సిగ్గుపడకుడు. కమానులో తరువాత చేర్చిన పట్టీలున్నచో, అది మితిమీరిన బరువులు మోసినదని యర్థము. ఛాసిస్సుమీద అతుకులు, పగుళ్లు, క్రొత్తరంగు అనుమానాస్పదములు. టైరు ప్రక్కన నాలుగంకె లుండును. 2319 అనగా 2019 లో 23 వ వారమున తయారైనదని తెలియును. కిలోమీటర్ల యంకెను త్రిప్పివేయవచ్చును గాని, అరిగిన పెడలు రబ్బరును దాచుట కష్టము. 2020 ఏప్రిలు 1 తరువాతి భారత్ స్టేజి 6 బండ్లలో కొన్నింటియందు మసిని పట్టు జల్లెడవంటి పరికర ముండును. నెమ్మదిగా, కొలది దూరములే తిరుగు బండిలో అది పూడుకొనును. దాని మరమ్మతునకు వ్యయ మెక్కువ.

కాగితములను సంఘమున చదువు వచ్చిన సోదరిచే చదివింపుడు. ఇంజను, ఛాసిస్సు సంఖ్యలు రిజిస్ట్రేషను పత్రముతో సరిపోవలయును. సరకుబండికి ఎనిమిదేండ్లు నిండిన తరువాత ఫిట్‌నెస్ పత్రము ఏటేటను కావలయును. మొత్తపు బరువు 3,000 కిలోలకు మించినచో పర్మిటు నుండవలయును. అప్పుపై కొన్న బండియైనచో బాకీ తీరెనని కంపెనీ వ్రాసిన లేఖయు, 35 వ ఫారమును కోరుడు. పొరుగున నున్న ఒడిశానుండి వచ్చిన బండికి అచ్చటి యధికారుల నిరభ్యంతర పత్రము కావలయును. 29, 30 ఫారములమీద సంతకములు కానిదే పూర్తి సొమ్ము చేతికీయకుడు. పేరు మార్పించుటతో పాటు ఇన్సూరెన్సును గూడ 14 దినములలో మీ పేరునకు మార్చుకొనుడు.

తుదకొక మాట. సంతనాడు బస్తాలపై పిల్లలతో గూర్చుండి పోవు స్త్రీలను మన మందఱమును చూచినవారమే. తగిన బస్సులు లేనిచోట వారిని నిందించుట న్యాయము కాదు. కాని సత్యము తెలియవలయును. సరకుతో వచ్చు సరకు యజమానికి చట్టమున 1994 లో చేసిన సవరణ రక్షణ కల్పించినది. సరకుబండి నెక్కిన యితర ప్రయాణికులకు అది లేదు. వారి విషయమున ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యురాలు కాదని సుప్రీంకోర్టు 2002 లో ఆశారాణి వ్యాజ్యమున తీర్పు చెప్పెను. అనగా ప్రమాదము జరిగినచో మృతుల పిల్లలకు పరిహారము కంపెనీనుండి రాకపోవుటయే గాక, ఆ భారము బండి యజమాని యింటిపై బడును. ఏ బంగారము తాకట్టుపెట్టి బండి కొంటిమో అది మఱల మన మెడకు రాదు.

కావున సోదరీమణులారా! బండి కొనునాడు మగవారితో పాటు మీరును పోవుడు. రంగును, లాగు బలమును వారు చూతురు. బ్రేకును మీరు త్రొక్కి చూడుడు. కొన్న తరువాత ఎన్ని బస్తాలు వేయవలయునో, ఎవరిని ఎక్కింపరాదో ఇంటిలోనే నిశ్చయించి, ఆ మాటను డ్రైవరునకు మీ నోటనే చెప్పుడు. పంట ఒక దినము ఆలస్యముగా దిగినను దిగును. ఇంటివారు మాత్రము క్షేమముగా తిరిగి రావలయును.